ఎండకు నల్లబడేవా, పోలరైజ్డ్‌వా, రెండూ కలిసినవా: మీ కళ్లజోడుకు ఏ అద్దాలు?

ఎండలోకి వెళ్తే అద్దం నల్లబడాలి, గడప దాటి లోపలికి వస్తే తెల్లబడాలి. నీళ్ల మీదా తడి రోడ్డు మీదా పడి కళ్లలోకి కొట్టే తళతళ కూడా ఆగాలి. రెండో కళ్లజోడు మోసుకు తిరిగే పని ఉండకూడదు. కొత్త అద్దాలు వేయించుకోబోయేవాళ్లలో చాలామంది కోరేది ఇదే, నేనూ ఇదే కోరాను. మొదటిసారి ఫోటోక్రోమిక్ (ఎండకు నల్లబడే) అద్దాలు వేయించుకున్నాక కారులో ఎదురెండకి గంటసేపు కూర్చున్నా అవి నల్లబడలేదు. అద్దాల్లో లోపం ఉందని తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. తీరా బయట ఎండలో పెట్టి చూస్తే నిమిషంలో నల్లబడ్డాయి. లోపం అద్దంలో లేదు. అవి దేనికి స్పందిస్తాయో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకే ముందు ఆ సంగతే చెప్తాను. ఈ అద్దాలు మామూలుగా వెలుగును చూసి నల్లబడవు. ఎండలో ఉండే, కంటికి కనపడని యూవీ కిరణాలు తగిలితే నల్లబడతాయి, వేడి తగిలితే తెల్లబడతాయి. ఒకే సమయంలో ఈ రెండూ పోటీ పడుతుంటాయి, ఏది గెలిస్తే అద్దం అటు మొగ్గుతుంది. కొత్తగా వచ్చిన, నల్లబడుతూ పోలరైజ్ కూడా అయ్యే, అంటే తళతళను కూడా ఆపే అద్దాలకీ ఇదే సూత్రం. ఇది మనసులో పెట్టుకుంటే ఏది కొనాలన్న గందరగోళం సగం తీరుతుంది.

## ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: ఆ తళతళ మీకు ఎక్కడ ఎదురవుతోంది? కారు అద్దం వెనక కూర్చున్నప్పుడా, బయట నడుస్తున్నప్పుడా, నీళ్ల మీదా? ఎందుకంటే కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది, అది యూవీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. యూవీ రాకపోతే సాదా ఫోటోక్రోమిక్ అద్దం మేలుకోదు. హెల్మెట్‌కి ముందుండే పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) వైజర్ దించుకున్నా ఇదే జరుగుతుంది.

రెండోది, రోజులో ఎన్నిసార్లు లోపలికీ బయటికీ తిరుగుతారు? గంటల తరబడి ఎండలోనే ఉండేవాళ్లకి రంగు మారడం వల్ల పెద్ద ఉపయోగం లేదు, అరగంటకోసారి లోపలికీ బయటికీ తిరిగేవాళ్లకి మాత్రం ప్రాణం లేచి వస్తుంది.

మూడోది వేడి. అద్దం ఎంత నల్లబడుతుందో చెప్పే అంకెలు మామూలుగా 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచినవి. 35 డిగ్రీలు దాటిన ఎండలో అదే అద్దం అంత నల్లబడదు. మంచు ప్రాంతంలో అయితే లేబుల్ మీద రాసినదానికంటే ఎక్కువే నల్లబడి, తిరిగి తెల్లబడటానికి చాలాసేపు తీసుకుంటుంది.

ఇక స్క్రీన్లు, రాత్రి డ్రైవింగ్, మీ పవర్. ఎల్‌సీడీ తెరలోంచి వచ్చే వెలుగు కూడా పోలరైజ్ అయినదే కాబట్టి, పోలరైజ్డ్ అద్దంలోంచి కొన్ని కోణాల్లో తెర నల్లగా కనిపిస్తుంది. రాత్రి డ్రైవింగ్ సంగతి కచ్చితంగా తేల్చుకోవాలి: 75 శాతం కంటే తక్కువ వెలుగును వదిలే అద్దం చీకట్లో నడపడానికి పనికిరాదని చలువ కళ్లద్దాల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12312-1 చెప్తుంది. పవర్ ఎక్కువ ఉన్నవాళ్లకి, ప్రోగ్రెసివ్ (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం) వాడేవాళ్లకి అన్ని రకాలూ అన్ని మెటీరియల్స్‌లో దొరకవు.

## తళతళ ఎందుకు వేరే సమస్య

సాదా నల్ల అద్దం అన్నిటినీ సమానంగా మసకబరుస్తుంది. చెట్టునీ, రోడ్డునీ, రోడ్డు మీది మెరుపునీ కూడా. కాబట్టి మెరుపు పక్కనున్న గుంట ముందు ఎలా కనపడలేదో అద్దం పెట్టుకున్నాకా అలాగే కనపడదు, అంతా కాస్త చీకటిగా మారుతుందంతే. పోలరైజ్డ్ అద్దం చేసేది వేరు. నీళ్లు, రోడ్డు, కారు బానెట్ లాంటి అడ్డంగా పరుచుకున్న తలాల మీద పడి తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా అడ్డంగా ఊగుతూ వస్తుంది. నిలువుగా ఊగే వెలుగునే లోపలికి వదిలే ఫిల్టర్ పెడితే మెరుపు తీసేసినట్టు పోతుంది, కింద ఉన్నది కనపడుతుంది.

ఇలా తిరిగొచ్చిన వెలుగుకు ఈ గుణం ఉందని ఫ్రెంచి శాస్త్రవేత్త మాలూ 1808లో గమనించాడు. ఏ కోణంలో అది పూర్తిగా పోలరైజ్ అవుతుందో 1815లో బ్రూస్టర్ సూత్రం చెప్పాడు. నీటికి ఆ కోణం సుమారు 53 డిగ్రీలు, అంటే సూర్యుడు దిగంతం నుంచి 37 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నీటి మీది మెరుపును పోలరైజ్డ్ అద్దం దాదాపు పూర్తిగా తినేస్తుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడూ, బాగా కిందికి దిగిపోయినప్పుడూ అంత బాగా పనిచేయదు. పొద్దు వాలాక ఎదురుగా నేరుగా కొట్టే సూర్యుణ్ణి పోలరైజేషన్ ప్రత్యేకంగా ఆపదు, ఎందుకంటే నేరుగా వచ్చే ఎండకి ఆ గుణం లేదు. దీని గురించి చాలామంది పొరబడతారు, తర్వాత నిరాశపడతారు.

## రెండూ ఒకే పూతలో ఎలా కుదిరాయి

ఎండకు నల్లబడే గాజును 1960లలో కార్నింగ్ సంస్థలో ఆర్మిస్టెడ్, స్టూకీ అనే శాస్త్రవేత్తలు తయారు చేశారు. గాజులో అతి సన్నటి వెండి హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి, యూవీ తగిలితే వెండి విడివడి నల్లబడుతుంది, నీడలో మళ్లీ కలిసిపోతుంది. ఆ పదార్థం గాజులోంచి బయటికి పోయే దారే లేదు కాబట్టి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ గాజు బరువు, పగిలే గుణం వల్ల ఇప్పుడు వాడేవాళ్లు తక్కువ. పైగా రంగు గాజంతటా కలిసి ఉండటంతో మందం ఎక్కువున్న చోట ఎక్కువ నల్లబడుతుంది. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్ల అద్దాల అంచులు మధ్యకంటే నల్లగా కనిపించేవి అందుకే.

ప్లాస్టిక్ అద్దాల్లో వాడేది సేంద్రియ రంగు అణువులు, నాఫ్తోపైరాన్ల లాంటివి. మూసుకుని ఉన్నప్పుడు రంగు ఉండదు. యూవీ తగలగానే ఒక బంధం తెగి అణువు విచ్చుకుని చదునుగా పరుచుకుంటుంది, అప్పుడు మనం చూసే వెలుగును పీల్చుకుంటుంది. యూవీ ఆగాక వేడి దాన్ని మళ్లీ మూసేస్తుంది. ఈ అణువుల్ని అద్దం పదార్థంలోనే కలపొచ్చు, వేడి చేసి పై తలంలోకి ఇంకించొచ్చు, లేదా వేరే పొరగా పూయొచ్చు. పాలీకార్బొనేట్, 1.67 ఇండెక్స్ (వక్రీభవన సూచిక) ప్లాస్టిక్ లాంటి దట్టమైన పదార్థాల్లోకి రంగు ఇంకదు కాబట్టి వాటికి పూతే దారి. పూతగా ఉంటే అద్దం మందంతో సంబంధం లేకుండా రంగు అంతటా సమానంగా పడుతుంది కూడా.

పోలరైజేషన్ పాత పద్ధతి పూర్తిగా వేరు. అమెరికన్ ఆవిష్కర్త ఎడ్విన్ లాండ్ 1929లో మొదలుపెట్టి, 1938కల్లా పాలీవినైల్ ఆల్కహాల్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్‌ను సాగదీసి అయోడిన్ పట్టించే పద్ధతికి వచ్చాడు. సాగదీసినప్పుడు పొడవాటి అణువులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఇవాళ్టికీ ఎక్కువ పోలరైజ్డ్ కళ్లజోళ్లలో ఉన్నది ఇలా సాగదీసిన ఫిల్మే. అది ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, ఆపే వీలు లేదు.

ఇప్పుడు ఈ రెండిటినీ కలపాలంటే, విచ్చుకున్నప్పుడు రంగు తేలే అణువులు అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండాలి. అందుకోసం అద్దం మీద పొర మీద పొర వేస్తారు. అడుగున అతుక్కోవడానికి ప్రైమర్. దాని మీద దిక్కు చూపించే అమరిక పొర, దీని మీదకి పోలరైజ్ చేసిన యూవీని పంపి ఒక దిక్కును ముద్ర వేస్తారు. దాని మీద లిక్విడ్ క్రిస్టల్ పొర. కింది పొర ఎటు చూపిస్తే లిక్విడ్ క్రిస్టల్ అణువులు అటు తిరుగుతాయి, దువ్వెనతో దువ్విన జుట్టులా. వాటి మధ్యలో పొడవాటి తోకలున్న ప్రత్యేకమైన ఫోటోక్రోమిక్ అణువులు అదే వరసలో సర్దుకుంటాయి. అప్పుడు ఈ అమరికను అలాగే గట్టిపరుస్తారు. పైన రక్షణ పొర, గీతలు పడకుండా హార్డ్ కోట్, ఆ పైన యాంటీ రిఫ్లెక్షన్. గది లోపల ఉన్నంతసేపూ ఇది దాదాపు మామూలు తెల్ల అద్దమే, పోలరైజేషన్ దాదాపు ఉండదు. ఎండలోకి వెళ్తే అణువులు విచ్చుకుని, ఒకే దిక్కుగా ఊగే వెలుగును ఎక్కువగా పీల్చుకుంటాయి. ఈ రకం 2012లో ట్రాన్సిషన్స్ వాంటేజ్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది, ఆ తర్వాతి తరాన్ని ఎక్స్‌ట్రాక్టివ్ పోలరైజ్డ్ అని అమ్ముతున్నారు.

ఇందులో ఒక చిక్కుంది. అణువు విచ్చుకోవడానికి, ముడుచుకోవడానికి చుట్టూ కాస్త వదులు కావాలి. బాగా పోలరైజ్ కావాలంటే అణువులు వరస చెదరకుండా బిగుతుగా నిలబడాలి. రెండు కోరికలూ ఒకదాన్నొకటి లాగుతాయి. మెత్తటి పొర అయితే త్వరగా రంగు మారుతుంది కానీ గీతలకు తట్టుకోదు, గట్టి పొర అయితే మెల్లగా మారుతుంది. సాగదీసిన ఫిల్మ్‌కి ఈ తిప్పలు లేవు, అది కదలాల్సిన పనే లేదు కాబట్టి. అందుకే స్థిరమైన ఫిల్మ్ 99 శాతం పోలరైజేషన్ సామర్థ్యాన్ని తేలిగ్గా అందుకుంటే, ఎండకు మారే ఈ రకం మంచి ఎండలో 90 శాతం దాకా వెళ్తుందని తయారీదారులే చెప్తారు.

## 90కీ 99కీ తేడా ఎంత?

ఇక్కడ కాస్త లెక్క వేయాలి, ఎందుకంటే "99 కాదుగా, 90 ఏ మూలకి" అని కొట్టిపారేసేవాళ్లని చాలామందిని చూశాను.

అద్దం మొత్తమ్మీద 12 శాతం వెలుగును వదులుతుందనుకోండి. సాదా నల్ల అద్దమైతే నీటి మీది మెరుపులోనూ 12 శాతం కంటికి చేరుతుంది. 90 శాతం సామర్థ్యం ఉన్న అద్దంలో అడ్డంగా ఊగే ఆ వెలుగులో 1.2 శాతం చేరుతుంది. 99 శాతమైతే 0.12. అంటే మొదటి అడుగులోనే మెరుపు పదో వంతుకు పడిపోయింది. ఆ తర్వాతి తేడా నీటి అడుగున చేపను వెతికేవాళ్లకి తెలుస్తుంది, వీధిలో నడిచేవాళ్లకి పెద్దగా తెలియదు. ముదురు రంగు పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలకు ఐఎస్ఓ ప్రమాణం అడిగే కనీసం, నిలువు వెలుగుకీ అడ్డ వెలుగుకీ మధ్య 8కి 1 నిష్పత్తి, అంటే సుమారు 78 శాతం సామర్థ్యం. 90 శాతం అంటే 19కి 1.

తల వంపు కూడా చూడాలి. పర్‌ఫెక్ట్ ఫిల్టర్ పెట్టుకున్నా తలను 10 డిగ్రీలు పక్కకు వంచితే అడ్డ వెలుగులో 3 శాతం జారిపోతుంది, 30 డిగ్రీలు వంచితే నాలుగో వంతు. కాగితం మీది 99 ముఖం మీద 99గా ఉండదు. నా అభిప్రాయంలో మారే రకం అసలు బలహీనత ఈ 90 కాదు. ఆ 90 ఎప్పుడు వస్తుందన్నదే. పూర్తిగా నల్లబడితేనే వస్తుంది. మబ్బు పట్టినా, బాగా వేడిగా ఉన్నా, కారు అద్దం వెనక ఉన్నా అద్దం సగమే నల్లబడుతుంది, పోలరైజేషన్ కూడా దానితోపాటే తగ్గుతుంది.

## ఒక్కో రకం

సాదా ఫోటోక్రోమిక్. ఇంట్లో దాదాపు తెల్లగా ఉంటుంది, బయట నిమిషం లోపే నల్లబడుతుంది, తెల్లబడటానికి కొన్ని నిమిషాలు. దాదాపు అన్ని పవర్లలో, మెటీరియల్స్‌లో సులభంగా దొరుకుతుంది. తళతళను ప్రత్యేకంగా ఆపదు. కారులో పనిచేయదు. రోజంతా కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి, ఇది చాలామందికి సరిపోతుంది.

ఎక్కువ నల్లబడే ఫోటోక్రోమిక్. యూవీతో పాటు కంటికి కనపడే వెలుగులో కొంత భాగానికి కూడా స్పందించేలా చేసినవి. అందువల్ల కారులో కొంత నల్లబడతాయి, వేడిలోనూ సాదా వాటికంటే మెరుగ్గా ఉంటాయి. దీనికి బదులుగా ఇంట్లో కూడా లేత రంగు మిగులుతుంది. ఫోటోల్లో కళ్లు పూర్తిగా తేటగా కనపడాలనుకునేవాళ్లకి అది నచ్చదు. ఎండ పడని, కళ్లు జివ్వుమనే, తరచూ తలనొప్పి వచ్చే కొందరికి ఆ లేత రంగే హాయిగా ఉంటుంది.

నల్లబడుతూ పోలరైజ్ అయ్యేవి. పైన చెప్పిన పొరల పూత ఇదే. బయట నడక, ఆట, బీచ్, పొలం పని, నిర్మాణ స్థలం లాంటి చోట్ల ఒకే కళ్లజోడుతో గడిచిపోతుంది. లోపలికి రాగానే స్క్రీన్ కొద్ది నిమిషాలు కొన్ని కోణాల్లో మసగ్గా ఉండొచ్చు, తెల్లబడేకొద్దీ సర్దుకుంటుంది. సాదా వాటికంటే తెల్లబడటం నిదానం. పొరలు ఎక్కువ కాబట్టి ధర ఎక్కువ, డిజైన్ల ఎంపిక తక్కువ. కారు కోసమే కొంటే మాత్రం నిరాశే మిగులుతుంది, నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. రోడ్డు మీది మెరుపు కోసం పోలరైజేషన్ కావాలనుకుంటాం, తీరా ఆ చోటికే యూవీ రాదు.

ఎప్పుడూ పోలరైజ్డ్‌గా ఉంటూ రంగు మారేవి. లోపల స్థిరమైన పోలరైజ్డ్ ఫిల్మ్, దాని పైన ఫోటోక్రోమిక్. యంగర్ ఆప్టిక్స్ తయారుచేసే డ్రైవ్‌వేర్ ఈ కోవలోది, కారు అద్దం దాటి వచ్చే మామూలు వెలుగుకు కూడా దాని రంగు మారుతుంది. మబ్బుకీ ఎండకీ తగ్గట్టు లేతవీ ముదురువీ అవుతాయి కానీ పూర్తిగా తెల్లబడవు. పగటి డ్రైవింగ్‌కి నేను చూసిన వాటిలో ఇదే సరైన సమాధానం. రాత్రికి పనికిరాదు, ఇంట్లో పెట్టుకోలేరు. అంటే రెండో కళ్లజోడు తప్పదు.

స్థిరమైన పోలరైజ్డ్. పడవ, చేపల వేట, గంటల తరబడి డ్రైవింగ్. వేడికీ చలికీ మారదు, కారులోనూ పడవలోనూ ఒకేలా ఉంటుంది. రంగు ఒక్కటే, ఫిల్టర్ కేటగిరీ ఒక్కటే. కేటగిరీ 3 అంటే 8 నుంచి 18 శాతం వెలుగు లోపలికి వస్తుంది, ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. కేటగిరీ 4 అంటే 3 నుంచి 8 శాతం, దానితో బండి నడపకూడదు.

క్లిప్. తెల్ల అద్దాల మీద తగిలించుకునే పోలరైజ్డ్ క్లిప్ తక్కువ ఖర్చులో దాదాపు అదే పని చేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఫోటోక్రోమిక్ అద్దాల మీద క్లిప్ పెడితే క్లిప్పే యూవీని ఆపేస్తుంది, వెనకున్న అద్దం నల్లబడదు. రెండూ కలిసి రెట్టింపు నలుపు వస్తుందనుకోకండి.

| | ఇంట్లో | కారులో | బయట మెరుపు | బాగా వేడిలో | రాత్రి డ్రైవింగ్ |
|---|---|---|---|---|---|
| సాదా ఫోటోక్రోమిక్ | తేట | నల్లబడదు | ఆపదు | నలుపు తగ్గుతుంది | పూర్తిగా తెల్లబడ్డాక సరే |
| ఎక్కువ నల్లబడేది | లేత రంగు | కొంత | ఆపదు | కాస్త మెరుగు | ఎంత వెలుగు వదులుతుందో అడిగి తేల్చుకోవాలి |
| నల్లబడుతూ పోలరైజ్ అయ్యేది | తేట లేదా లేత రంగు | బలహీనం | ఎండలో బాగా | రెండూ తగ్గుతాయి | ఎంత వెలుగు వదులుతుందో అడిగి తేల్చుకోవాలి |
| పోలరైజ్డ్ + రంగు మారేది | పనికిరాదు | చాలా బాగుంటుంది | ఎప్పుడూ ఆపుతుంది | ఫిల్టర్ మారదు | వద్దు |
| స్థిరమైన పోలరైజ్డ్ | పనికిరాదు | చాలా బాగుంటుంది | అన్నిటికంటే బాగా | మారదు | వద్దు |
| తెల్ల అద్దం + క్లిప్ | క్లిప్ తీస్తే తేట | బాగుంటుంది | బాగా | మారదు | క్లిప్ తీసేయాలి |

## మీరు ఎవరైతే ఏది

రోజుకు రెండు మూడు గంటలు పగటిపూట కారు నడిపేవాళ్లు నల్లబడుతూ పోలరైజ్ అయ్యే రకం జోలికి వెళ్లొద్దు. తెల్ల అద్దాల కళ్లజోడు ఒకటి, స్థిరమైన పోలరైజ్డ్‌ది గానీ పోలరైజ్డ్‌గా ఉంటూ రంగు మారేది గానీ ఇంకొకటి. రెండు మోయడం విసుగే, కానీ కారులో వదిలేసేది ఒకటి ఉంటే మోసే పనే లేదు (డ్యాష్‌బోర్డు మీద ఎండలో మాత్రం పెట్టకండి, ఆ వేడికి ఫిల్మ్ ఊడి బుడగలు రావొచ్చు).

ద్విచక్ర వాహనం నడిపేవాళ్ల సంగతి వేరు. వైజర్ ఎత్తి నడిపితే ఎండ నేరుగా తగులుతుంది కాబట్టి ఫోటోక్రోమిక్ బాగా నల్లబడుతుంది, కానీ సొరంగంలోకో చీకటి అండర్‌పాస్‌లోకో దూసుకెళ్లినప్పుడు అద్దం వెంటనే తెల్లబడదు. కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది, ఆ కొన్ని నిమిషాల్లో మీరు ఎంత దూరం వెళ్తారో ఆలోచించండి. అలాంటి దారి రోజూ ఉంటే తెల్ల అద్దాలూ, హెల్మెట్‌లోనే దించుకునే నల్ల వైజరూ నయం, అది చిటికెలో పైకి లేస్తుంది.

ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని, మధ్యలో బయటికి వెళ్లొచ్చేవాళ్లకి సాదా ఫోటోక్రోమిక్ చాలు. ఎండ ఉండగా నడకో పరుగో ఉండి, నీళ్ల పక్కనో తడి రోడ్ల మీదో తిరుగుతుంటే నల్లబడుతూ పోలరైజ్ అయ్యే రకం మీద పెట్టే అదనపు డబ్బు వృథా కాదు. ఈ కళ్లద్దాలు నిజంగా ఎవరి కోసమంటే వీళ్ల కోసమే.

చేపలు పట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు వేరే ఆలోచన పెట్టుకోకుండా స్థిరమైన పోలరైజ్డ్ తీసుకోండి. మంచు మీద ఆటలాడేవాళ్లకి రెండు జాగ్రత్తలు: చలిలో ఫోటోక్రోమిక్ బాగా ముదిరి తెల్లబడటానికి చాలాసేపు పడుతుంది, పోలరైజేషన్ గడ్డకట్టిన ఐసు మెరుపును తీసేయడంతో జారే చోటు కనిపెట్టడం కష్టం కావొచ్చు. విమానాలు నడిపేవాళ్లకి పోలరైజ్డ్ వద్దని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ సలహా ఇస్తుంది. కాక్‌పిట్ డిస్‌ప్లేలు మసకబారతాయి, కిటికీల్లో చారలు కనిపిస్తాయి.

పిల్లలకి సాదా ఫోటోక్రోమిక్, తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్‌లోనో ట్రైవెక్స్ ప్లాస్టిక్‌లోనో. వాళ్లు రెండో కళ్లజోడు పోగొట్టుకుంటారు, పవర్ కూడా త్వరగా మారుతుంది, ఖరీదైన పొరల మీద డబ్బు పెట్టొద్దు. ఇక యూవీ రక్షణ కోసం పోలరైజ్డ్ కావాలనుకునేవాళ్లకి ఒక మాట: రెండిటికీ సంబంధం లేదు. మంచి ఫోటోక్రోమిక్ అద్దం తెల్లగా ఉన్నప్పుడు కూడా యూవీని ఆపుతుంది, పాలీకార్బొనేట్ తనంతట తానే ఆపుతుంది.

## ఆర్డర్ ఇచ్చే ముందు, చేతికి వచ్చాక

అడగాల్సినవి: ఇది ఎప్పుడూ పోలరైజ్డ్‌గా ఉంటుందా, ఎండలోనేనా? ఇంట్లో ఎంత శాతం వెలుగు వదులుతుంది? నల్లబడినప్పుడు ఏ కేటగిరీ? అది ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచింది? నా పవర్‌లో, నా మెటీరియల్‌లో దొరుకుతుందా? ముందు వైపు మిర్రర్ కోటింగ్ వేయిస్తానంటే అది నల్లబడటాన్ని తగ్గిస్తుందా? (యూవీని వెనక్కి పంపే పూత ఏదైనా తగ్గిస్తుంది.) పోలరైజ్డ్ అద్దాన్ని ఫ్రేమ్‌లో బిగించేటప్పుడు దిక్కు గుర్తులు సరిచూడాలి. ఒక అద్దం కాస్త తిరిగినా రెండు కళ్లకీ మెరుపు వేర్వేరుగా కనిపించి తలనొప్పి తెస్తుంది.

చేతికి వచ్చాక ఇంట్లోనే పరీక్షించొచ్చు. కంప్యూటర్ ఎల్‌సీడీ తెర మీద తెల్ల పేజీ తెరిచి, అద్దాన్ని ముందు పెట్టి మెల్లగా పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. స్థిరమైన పోలరైజ్డ్ అయితే రెండు చోట్ల దాదాపు పూర్తిగా నల్లబడుతుంది. మారే రకం ఇంట్లో పెద్దగా తేడా చూపించదు, చూపించకూడదు కూడా. దాన్ని రెండు నిమిషాలు ఎండలో పెట్టి, పరుగున లోపలికి తెచ్చి మళ్లీ తిప్పండి: ఇప్పుడు మసకబారుతుంది, నిమిషం నిమిషానికీ ఆ మసక తగ్గుతూ పోతుంది. రెండు అద్దాల్లోనూ ఒకే కోణం దగ్గర మసకబారుతోందో లేదో చూస్తే బిగింపు సరిగ్గా ఉందో కూడా తేలిపోతుంది.

ఫోటోక్రోమిక్ పొర పరీక్షకు అద్దం సగాన్ని మందపాటి కాగితంతో కప్పి ఎండలో పెట్టండి, తీశాక గీత గీసినట్టు తేడా కనిపించాలి. అప్పుడే కొత్తగా ఉన్నప్పుడు తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో ఒకటి తీసి పెట్టుకోండి, ఎండలో నల్లబడ్డప్పుడు ఇంకొకటి. ఈ సేంద్రియ రంగులు కాలక్రమేణా అలసిపోతాయి, మామూలుగా రెండు మూడేళ్లకి నల్లదనం తగ్గి, తెల్లబడినప్పుడు లేత పసుపు ఛాయ మిగులుతుంది. రోజూ చూసే కంటికి అది పట్టదు, పాత ఫోటో పక్కన పెడితే వెంటనే తెలుస్తుంది.